మన పిల్లాడి స్టాప్‌వాచ్

ఉత్తరాదిన సాహిబాబాద్‌లోని ఆ చొక్కాల ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన ఆడమనిషికి మిషను నడపడం కన్నా ముందు నేర్పే పాఠం ఒకటుంది. స్టాప్‌వాచ్ పట్టుకున్న మనిషి వెనకాల వచ్చి నిలబడ్డాడంటే నీకు కుట్టు రానట్టే. దారం తెగాలి. సూది ఎక్కించడానికి కళ్ళు చిట్లించాలి. కాలరు ఒకటికి రెండుసార్లు తిప్పి చూసుకోవాలి. ఎందుకంటే ఆ వాచీ మనిషి ఎంత టైం రాసుకుపోతే రేపటి నుంచి అదే టార్గెట్. నువ్వు సరదాకి పరిగెత్తావనుకో, రేపటి నుంచి లైను లైనంతా చచ్చినట్టు పరిగెత్తాలి. ఈ మాట ఏ గోడ మీదా రాసి ఉండదు. పక్క మిషను మీద కూర్చున్నావిడ చెవిలో చెబుతుంది, అంతే.

జానకికి అలా చెప్పింది కమలేశ్. మగపేరులా ఉందని మనకనిపిస్తుంది గానీ ఆ వైపు ఆడవాళ్ళకది మామూలు పేరే. అలీగఢ్ పక్క పల్లెటూరి మనిషి, ఎత్తరి, నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. జానకి భర్త అంకయ్య సైన్యంలో హవల్దారుగా రిటైరై, కంటోన్మెంటు క్వార్టరు ఖాళీ చేసి, ఫ్యాక్టరీకి దగ్గర్లోని వైశాలిలో రెండు గదుల వాటా అద్దెకు తీసుకుని, ఒక మాల్ దగ్గర సెక్యూరిటీ గార్డుగా చేరిన రోజులవి. కంటోన్మెంటులో జవాన్ల భార్యలకు పెట్టే టైలరింగు క్లాసులో జానకి జాకెట్లు కుట్టడం నేర్చుకుంది. ఆ ధైర్యంతోనే ఫ్యాక్టరీ గుమ్మం తొక్కింది. తీరా కూర్చుని కాలు ఆనించేసరికి కరెంటు మిషను ఒక్క దూకు దూకింది, వేలు ఎక్కడుందో కాలరు ఎక్కడుందో తెలియలేదు. మొదటి నెలంతా ఏడుపే. ఆమె పాడు చేసిన కాలర్లు విప్పి, మళ్ళీ కుట్టి, సూపర్‌వైజరు కంటపడకుండా ముందుకు తోసింది కమలేశ్. హిందీ కూడా ఆవిడే నేర్పింది, తిట్లతో సహా.

లైనులో వాళ్ళిద్దరి పనీ ఒకదాని వెనక ఒకటి. జానకి చొక్కాకి కాలరు అతికిస్తుంది. కమలేశ్ ఆ కాలరు అంచు లోపలికి మడిచి మూసి కుడుతుంది. ఎదుటివాళ్ళ కన్ను ముందు పడేది అక్కడే, ఒక్క ముడత ఉన్నా విదేశాల్లో కొనేవాడు వెనక్కి కొడతాడు. అందుకే ఆ రెండు మిషన్ల మీద బాగా చెయ్యి తిరిగినవాళ్ళనే కూర్చోబెడతారు. కమలేశ్ చెయ్యి ఒకప్పుడు అలాంటిదే. ఈ మధ్య కొన్నేళ్ళుగా ఆమె వేళ్ళ కణుపులు వాస్తున్నాయి. కీళ్ళవాతం. చలికాలం పొద్దున్నే కత్తెర పట్టుకోబోతే వేళ్ళు మడతపడవు. ఉద్యోగం ఉంది కాబట్టి ఈఎస్‌ఐ కార్డుంది. కార్డుంది కాబట్టి ఆసుపత్రిలో ఖరీదైన మందు ఊరికే దొరుకుతోంది. మందు ఉంది కాబట్టి వేళ్ళు ఆ మాత్రమైనా కదులుతున్నాయి, వేళ్ళు కదులుతున్నాయి కాబట్టి ఉద్యోగం ఉంది. ఇందులో ఎక్కడ తెగినా మొత్తం తెగినట్టే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, లైనులో తక్కినవాళ్ళకీ తెలుసు.

మరి వాచిన వేళ్ళతో ఆమె టార్గెట్ ఎలా అందుకుంటోందంటే, దానికీ లైనులో ఒక పద్ధతుంది. ‘హాథ్ దేనా’ అంటారు, చెయ్యివ్వడం. ఒకావిడకు జ్వరం, ఇంకొకావిడకు నెలసరి నొప్పి, మరొకావిడ రాత్రంతా పిల్లాడి దగ్గుతో నిద్రలేదు. ఆ పూట ఆమె పని పక్కవాళ్ళు కాస్త కాస్త లాక్కుని చేసిపెడతారు. రేపు నీ వంతు వస్తుంది, అప్పుడు ఆమె చేస్తుంది. జానకి తన కాలర్లు అతికిస్తూ అతికిస్తూ మధ్యలో కొన్నింటిని తనే మూసి కుట్టేసి కమలేశ్ వైపు తోసేది. కమలేశ్ వాటిని ఊరికే మడతపెట్టి ముందుకు పంపేది. పైవాడి లెక్కకు లెక్క సరిపోయేది. మధ్యలో మంచినీళ్ళు తాగేవాళ్ళు, అత్తగార్లను ఆడిపోసుకునేవాళ్ళు, నవ్వుకునేవాళ్ళు. పొద్దస్తమానం మిషన్ల రొదలో బతికేవాళ్ళకు ఆ పాటి వెసులుబాటు లేకపోతే మనిషి మనిషిలా ఇంటికి చేరదు. జానకి ఇంటికెళ్ళి కూతురు మనీషతో నాలుగు మాటలు మాట్లాడగలిగేదంటే, అంకయ్యకి వేడి అన్నం వండిపెట్టగలిగేదంటే, ఆ వెసులుబాటు చలవే.

సాఫీగా సాగుతున్న ఆ బండికి అడ్డం వచ్చాడు ఫణికుమార్. పాపం, అతను చెడ్డవాడైతే ఈ కథ చెప్పడం సులువుగా ఉండేది.

అమలాపురం దగ్గరి కుర్రాడు. బట్టల తయారీ మీద ఇంజనీరింగు చదివి, ఈ ఫ్యాక్టరీలో కొత్తగా పనిలో చేరాడు, ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. అతను మెడలో స్టాప్‌వాచ్ వేసుకుని లైనులోకి వచ్చిన మొదటి రోజే జానకి సూది విరిగింది. నిజంగానే విరిగింది, నటన కాదు. “నీ మొహం మండ” అని మిషన్ని తిట్టింది. అటు పోతున్న కుర్రాడు టక్కున ఆగిపోయాడు.

“పిన్నిగారూ, మీది ఏ ఊరండీ?”

జానకి గిరుక్కున వెనక్కి తిరిగింది. అన్నేళ్ళ ఫ్యాక్టరీ బతుకులో ఆ షెడ్డు కింద తెలుగు మాట వినడం అదే మొదలు. ఇంట్లో మనీష కూడా తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెబుతుంది. కందుకూరు వైపని చెప్పింది. ఆ రోజు నుంచి అతను అటు వచ్చినప్పుడల్లా ఒక్క మాటైనా పలకరించకుండా పోడు. కమలేశ్ ఆటపట్టించేది, నీ అక్క కొడుకొచ్చాడే అని. జానకి పైకి విసుక్కునేది గానీ లోపల ఉబ్బిపోయేది. మన పిల్లాడు, పెద్ద చదువు చదివిన పిల్లాడు, కుట్టేదాన్ని పట్టుకుని పిన్నిగారూ అంటున్నాడంటే ఎవరికి మాత్రం ఉబ్బు రాదు?

అతనూ వైశాలిలోనే గది అద్దెకు తీసుకుని ఉంటున్నాడని తెలిశాక ఒక ఆదివారం భోజనానికి రమ్మంది. ఊరి నుంచి తమ్ముడు పంపిన ఎండు నెత్తళ్ళు వేయించింది. వంకాయ పచ్చికారం పెట్టింది. ఆ వాసనకు పై వాటావాళ్ళు కిటికీలు మూసుకున్నారు, మూసుకోనీ. కుర్రాడు వేళ్ళు నాకుతూ తిన్నాడు. అంకయ్య తన సైన్యం కబుర్లన్నీ బయటికి తీశాడు. పెరుగన్నం దగ్గరకొచ్చేసరికి కుర్రాడి మొహం కొంచెం ముడుచుకుంది. ఏందబ్బాయ్ అని జానకి అడిగితే, ఏం లేదండీ అన్నాడు. మళ్ళీ అడిగితే బయటపడ్డాడు.

ఆ ఫ్యాక్టరీ కుట్టే చొక్కాలన్నీ ఒకే విదేశీ కంపెనీ కొంటోంది. అదే చొక్కా బంగ్లాదేశ్‌లో ఇంతకన్నా తక్కువ నిమిషాల్లో తయారవుతోందట. నిమిషాలు తగ్గితేనే వచ్చే సీజను ఆర్డరిస్తాం, లేకపోతే అటు పోతాం అని ఆ కంపెనీవాడు తెగేసి చెప్పాడు. ప్రొడక్షన్ మేనేజరు భాటియా ఆ బరువంతా తెచ్చి ఫణికుమార్ నెత్తిన పెట్టాడు. నువ్వు తగ్గించి చూపించు, నీ ఉద్యోగం పర్మినెంటు, లేదంటే నీ దారి నీది అన్నాడు. తీరా లైనులోకి వెళ్ళి వాచీ నొక్కితే అందరికీ దారాలు తెగుతున్నాయి, అందరికీ చత్వారం వస్తోంది. అతను చిన్నవాడే గానీ గుడ్డివాడు కాదు.

“ఆర్డరు పోతే నేను పోవడమే కాదండి పిన్నిగారూ, లైనే తీసేస్తారండి. మీరొక్కరు మామూలుగా ఎలా కుడతారో అలా కుట్టి చూపించండి చాలు. కాలరు దగ్గర టైం తగ్గిందంటే మిగతాది నేను చూసుకుంటాను. ఎవరికీ ఏం కానివ్వను.”

ఆ మాట అతను అబద్ధం చెప్పలేదు. నమ్మే చెప్పాడు. జానకీ నమ్మింది. లైను నిలబడితే కమలేశ్ ఉద్యోగమూ నిలబడుతుంది కదా అని కూడా ఆలోచించింది, అది నిజం. కానీ ఆ ఆలోచన కింద ఇంకొకటి ఉంది, దాన్ని ఆమె ఎవరితోనూ అనలేదు. తన చెయ్యి ఎంత జోరుగా నడుస్తుందో అన్నేళ్ళలో ఒక్కరు కూడా నిలబడి చూడలేదు. చూడకూడదు, అదే కదా రూలు. ఉన్న విద్యనంతా దాచుకుని, రానిదానిలా నటించి నటించి ఆమెకు విసుగెత్తింది. చూసి మెచ్చుకోవడానికి తనవాడొకడు వచ్చాడు. మన పిల్లాడి దగ్గర కూడా దాచుకోవడమేంటి అనుకుంది. పరాయివాడి ముందు ఎంత జాగ్రత్తగా ఉంటామో సొంతవాడనుకున్నవాడి ముందు అంత వెర్రిగా ఉంటాం. మన తెలుగువాళ్ళకు ఊరు దాటాక పట్టుకునే జబ్బిది.

అంకయ్యకు మాత్రం మనసు ఒప్పలేదు. కుర్రాడు వెళ్ళాక గిన్నెలు సర్దుతున్న భార్యతో ఒక మాట అన్నాడు. పరేడ్‌లో ముందు వరసవాడు బారుగా అడుగేస్తే వెనక వరసలో పొట్టివాడు చస్తాడే, చూసుకో అన్నాడు. జానకి విననట్టే గిన్నెలు సర్దుకుంటూ పోయింది.

సోమవారం ఫణికుమార్ స్టాప్‌వాచ్‌తో పాటు సెల్‌ఫోను కూడా తెచ్చాడు. ఒక స్టాండు పెట్టి, జానకి చేతులు మాత్రం కనబడేలా వీడియో తీస్తానన్నాడు. కమలేశ్ గొంతు తగ్గించి, నిదానం, నిదానం అని హెచ్చరించింది. జానకి తలూపింది.

తలూపి, కాలు ఆనించింది.

మొదటి రెండు మూడు చొక్కాలకి కాస్త బెరుకుంది. తర్వాత అది పోయింది. కాలరు అందుకోవడం, మెడ మీద ఆనించడం, తిప్పడం, దారం తెంపడం అన్నీ ఒకే పనిలా అయిపోయాయి. చుట్టూ ఏం జరుగుతోందో ఆమెకు పట్టలేదు. ఎంత హాయిగా ఉందంటే, పెళ్ళికి ముందు పొలం గట్టు మీద పరిగెత్తిన రోజులు గుర్తొచ్చాయి. ఆ జోరులో, ఎప్పటి అలవాటు కొద్దీ, నాలుగైదు చొక్కాల కాలర్లు తనే మూసి కూడా కుట్టేసి కమలేశ్ వైపు తోసింది. ఆ తోయడం కూడా వీడియోలో పడింది. ఆమె దాన్ని పని అనుకోలేదు కాబట్టి దాచాలనీ తట్టలేదు.

అయ్యాక ఫణికుమార్ వాచీ చూసుకుని, “అబ్బ, ఎంత చురుకైన చెయ్యండి పిన్నిగారూ మీది” అన్నాడు. తెలుగులో అన్నాడు. జానకి కళ్ళు చెమర్చాయి. పక్కకు తిరిగేసరికి కమలేశ్ ఆమెనే చూస్తోంది. కోపంగా కాదు, ఏదో అర్థం కానట్టు చూస్తోంది. లైనులో తక్కినవాళ్ళు ఆ పూటంతా ఆమె వైపు చూడకుండా కుట్టుకుపోయారు. టీ దగ్గర మాత్రం కమలేశ్ ఎప్పటిలాగే తన రొట్టెలో సగం తుంచి ఇచ్చింది. ఏం చేశావే పిచ్చిదానా, అని మాత్రం అంది.

ఆర్డరు వచ్చింది. అందరికీ లడ్డూలు పంచారు. భాటియా మైకు పట్టుకుని, మనం బంగ్లాదేశ్‌తో పోటీపడి గెలిచాం, ప్రొడక్టివిటీ పెరిగితే మీ బతుకులూ బాగుపడతాయి అని ఉపన్యాసమిచ్చాడు. జానకి చేతుల వీడియోని గోడకున్న టీవీలో వేసి అందరికీ చూపించాడు. మిగతా యూనిట్లకు కూడా పంపిస్తున్నామన్నాడు. చప్పట్లు కొట్టమంటే కొట్టారు. జానకి లడ్డూ చేతిలో పట్టుకుని తినలేక, పారేయలేక నిలబడింది.

బతుకులు ఏ మేరకు బాగుపడ్డాయో వారం తిరక్కుండానే తెలిసింది. బోర్డు మీద అంకె మారింది. కాలర్లు గుట్టలుగా వచ్చి పడుతున్నాయి. నీళ్ళు తాగితే బాత్రూముకు వెళ్ళాల్సి వస్తుందని ఆడవాళ్ళు నీళ్ళు తాగడం మానేశారు. చెయ్యివ్వడానికి ఎవరి దగ్గరా చెయ్యి మిగల్లేదు, ఎవరి గుట్ట వాళ్ళకే తరగడం లేదు. మూలనున్న మిషను మీది ఒకావిడ జ్వరంతో వచ్చి సాయంత్రం దాకా ఒక్కతే కుట్టుకుంది, పక్కావిడ తలెత్తి చూడలేదు. కబుర్లు పోయాయి. జానకి ఇంటికెళ్ళి మంచమెక్కితే లేచేది కాదు. మనీష ఏదో చెప్పబోతే రేపు చెప్పవే అనేది. ఆ పిల్ల రెండు మూడుసార్లు చూసి చెప్పడమే మానేసింది. అంకయ్య తనే అన్నం వండి, ఆమెకు కంచంలో పెట్టి ఇచ్చేవాడు. చెప్పానా అని ఒక్కసారి కూడా అనలేదు. అన్నా బాగుండేదనిపించింది జానకికి.

అదంతా ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది ఒక గురువారం వచ్చింది. కాలరు అతికించడం, మూసి కుట్టడం రెండూ ఇకమీదట ఒకే మిషను మీద జరుగుతాయనీ, కమలేశ్ శనివారం దాకా వస్తే చాలనీ ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఒక మనిషి రెండూ చేయగలదనడానికి రుజువు ఎక్కడుందంటే వీడియోలోనే ఉంది. జానకి అలవాటుగా మూసి కుట్టి తోసిన ఆ నాలుగైదు కాలర్లే రుజువు.

కమలేశ్ ఆ మాట విని చాలాసేపు తన వేళ్ళవంక చూసుకుంది. తర్వాత మళ్ళీ మిషను ముందు కూర్చుంది. ఏడవలేదు, తిట్టలేదు. అంత నోరున్న మనిషి ఇంకో కాలరు అందుకుంది. జానకి మిషను ఆపేసింది. లేచి నేరుగా ఫణికుమార్ గదికి వెళ్ళింది.

అతను ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు. ఆమె అరుస్తుందనుకున్నాడు, అరవలేదు. నువ్వే గదయ్యా ఎవరికీ ఏం కానివ్వనన్నావు అంది. అతను తల దించుకున్నాడు. మిషన్ల లేఅవుట్ మార్చింది భాటియాగారండి, వీడియో చూసి ఆయనే కనిపెట్టారండి అన్నాడు. తనకు ఉద్యోగం పర్మినెంటయిన కాగితం ఆ బల్ల మీదే ఉంది, దాన్ని ఫైలు కిందకి తోశాడు.

“నేను ఆ రోజు పిచ్చి జోరులో కుట్టా. రోజూ అట్టా కుట్టలేను. ఇంకోసారి టైం చూడండి, ఇద్దరు మనుషులుంటేనే గానీ ఆ పని కాదని తేలిద్ది. అది నా చెయ్యి గాదయ్యా, ఆమె చెయ్యి. నాకు నేర్పింది ఆమె” అంది.

ఫణికుమార్ అప్పుడు చేయగలిగింది చేశాడు, ఆ మాట ఒప్పుకోవాలి. భాటియా దగ్గరికి వెళ్ళి, ఒక్కరోజు రీడింగు మీద ఆధారపడడం సరి కాదు, శనివారం మళ్ళీ చూద్దాం అని ఒప్పించాడు. అది అతని మెడకు చుట్టుకునే పనే అయినా చేశాడు. జానకి ఆ రెండు రోజులూ దేవుళ్ళందరికీ మొక్కుకుంది. నెమ్మదిగా కుట్టడం ఎంత పని, అన్నేళ్ళు చేసిందే కదా అని తనకు తనే ధైర్యం చెప్పుకుంది. కమలేశ్‌తో చెబితే ఆమె ఊరికే నవ్వి, నీ ఇష్టం అంది.

శనివారం పొద్దున భాటియా స్వయంగా వచ్చాడు. ఫణికుమార్ వాచీ పట్టుకున్నాడు. కమలేశ్ పక్కన నిలబడింది. లైనులో మిషన్లు నడుస్తూనే ఉన్నాయి గానీ అందరి చెవులూ ఇటే ఉన్నాయి. జానకి మొదలుపెట్టింది. కాలరు తిప్పి చూసుకుంది. దారం తెంపింది, మళ్ళీ ఎక్కించుకుంది. అతికించి, ఆగి, చేతులు కొంగుకి తుడుచుకుని, మళ్ళీ అందుకుంది. ఒక్కొక్క చొక్కా బరువుగా కదిలింది. ఫణికుమార్ రాసుకుంటున్న అంకెలు చూస్తే ఇద్దరు కాదు, ముగ్గురు కావాలన్నట్టున్నాయి.

భాటియా కోప్పడే మనిషి కాదు. కాసేపు ఓపిగ్గా చూశాడు. తర్వాత జేబులోంచి ఫోను తీసి, వీడియో పెట్టి, ఆమె మిషను బల్ల మీద ఆనించాడు. అందులో ఆ చేతులు పరిగెడుతున్నాయి. ఇక్కడ ఈ చేతులు ఆగి ఉన్నాయి.

ఈ చేతులు ఎవరివమ్మా అని అడిగాడు, మెత్తగానే. నావే సార్ అంది. మరి వీటికేమైనా అయిందా, నొప్పా, వాపా, ఉంటే భయపడకుండా చెప్పు, వెళ్ళి చూపించుకో, ఈ సీటులోకి ఇంకొకరిని తీసుకుంటాం అన్నాడు. ఏమీ కాలేదంటావా, అయితే ఇందులో కుట్టినట్టు ఇక్కడ కూడా కుట్టు అన్నాడు.

అంతే. రెండే దారులు. చేతులు బాగాలేవంటే తను పోతుంది, కొత్తగా వచ్చేది రెండు పనులూ చేయలేదు కాబట్టి కమలేశ్ ఉంటుంది. బాగున్నాయంటే కమలేశ్ పోతుంది. జానకి నోరు తెరిచింది. అంకయ్య గార్డు జీతం, వైశాలి అద్దె, మనీష కాలేజీ, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. చేతులు బాగాలేవు సార్ అనేద్దామనే వచ్చింది ఆమె. రాత్రి ఆ మాట హిందీలో కూడబలుక్కుని మరీ వచ్చింది. ఇప్పుడు నాలుక లేవలేదు. ఫణికుమార్ వైపు చూసింది. అతను వాచీలోకి చూస్తున్నాడు.

ఆమె ఎంతసేపు అలా ఉండిపోయేదో గానీ కమలేశ్ ముందుకొచ్చింది.

“సాబ్, జానకి చేతులకేం కాలేదు. భలేచంగే హైఁ, నిక్షేపంగా ఉన్నాయి. నా కోసం నాటకమాడుతోంది. పోయేదాన్ని నేను. ఆమెను కుట్టనివ్వండి.”

ఆ మాట విన్నప్పుడు జానకికి ముందు కలిగింది దుఃఖం కాదు. గుండెల మీంచి రాయి దించినట్టు హాయి. ముందు హాయి, తర్వాతే దుఃఖం. ఆ వరస ఆమెకు స్పష్టంగా తెలిసింది, తెలియకుండా ఉంటే ఎంత బాగుండును. కమలేశ్‌కి కూడా తెలిసే ఉంటుంది, ఎందుకంటే ఆమె జానకి మొహంలోకి చూసి చప్పున చూపు తిప్పుకుంది. కుర్చీ మీది తన చిన్న దిండు తీసుకుంది, కత్తెర కొంగులో ముడేసుకుంది. లెక్క తేల్చుకోవడానికి ఫణికుమార్ వెంట ఆఫీసు గదివైపు నడిచింది. లైనులో ఎవరూ మిషను ఆపలేదు, ఆపితే గుట్ట పేరుకుంటుంది.

జానకి తల దించుకుని కుట్టడం మొదలుపెట్టింది. తలెత్తితే పక్కన ఖాళీ కుర్చీ కనబడుతుంది, ఆఫీసు గది తలుపు కనబడుతుంది. కమలేశ్ బయటికొచ్చి గేటువైపు పోతుంటే చూడాల్సి వస్తుంది. అందుకని ఆమె తలెత్తలేదు. అతికించింది, మూసింది, తోసింది. కళ్ళ నీళ్ళు బట్ట మీద పడకుండా భుజానికి తుడుచుకుంటూ, ఇంకొకటి అందుకుంది. చెయ్యి ఆగితే ఆలోచన వస్తుందని చెయ్యి ఆపలేదు. టీ గంట కొట్టినా లేవలేదు. అన్నం గంట కొట్టినా లేవలేదు. సిగ్గు, కోపం, తన మీద తనకు పుట్టిన రోత, అన్నీ కాలిలోకి దిగి మిషన్ని తొక్కాయి.

మధ్యాహ్నం భాటియా అటుగా వచ్చి వెనకాల నిలబడ్డాడని ఆమెకు తెలియదు. ఈసారి వాచీ ఆయన చేతిలోనే ఉంది. చాలాసేపు నిలబడి చూసి, రాసుకుని, శభాష్, వీడియోలో కన్నా తక్కువ టైమే వచ్చింది అని ఆమె భుజం మీద తట్టి వెళ్ళాడు.

సాయంత్రం బోర్డు మీది అంకె తుడిచి దాన్ని మించిన అంకె రాస్తుంటే లైను మొత్తం చూసింది. సోమవారం నుంచి ఇది అన్నాడు సూపర్‌వైజరు. మిషన్ల మీద గుడ్డలు కప్పి, సంచులు తీసుకుని, జానకి ముందు నుంచే ఒక్కొక్కరూ బయటికి నడిచారు.